లేని ఆడపడుచుకి నడుంనొప్పి

మా కొట్టుకి జబ్బుమనిషి ఎవరూ రారు. గొప్ప కోసం చెప్పడం లేదు, అక్షరాలా నిజం. పొద్దున్నే తలుపులు తీసేసరికి ఆడవాళ్ళు రెండు బెంచీల మీదా సర్దుకుని కూర్చుని ఉంటారు. కూర్చున్నవాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉంటారు. జబ్బు ఎప్పుడూ కొట్టుకి రానివాళ్ళకే. “మా తోడికోడలికి నెలసరి వేళకి రావడం లేదు,” అంటుంది ఒకావిడ. “మా పిన్ని కూతురికి పొత్తికడుపులో ఒకటే పోటు,” అంటుంది ఇంకొకావిడ, తన పొత్తికడుపు మీంచి చెయ్యి తియ్యకుండానే.

ఆడవాళ్ళ బాధలకి వేళ్ళూ గింజలూ బెరళ్ళూ దంచి పొట్లాలు కట్టి ఇచ్చే కొట్టు మాది. మొన్న మొన్నటిదాకా అక్కడ ‘నాకు’ అన్న మాట ఏ ఆడదాని నోటా నేను వినలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ మా వీధి పద్ధతి అది. నాకు అంటే ఎదురు బెంచీకి తెలిసిపోతుంది. మా పిన్ని కూతురికి అన్నా తెలిసిపోతుంది. కానీ తెలిసినట్టు మొహం పెట్టే శ్రమ ఎవరికీ ఉండదు.

ఈ విద్యలో అందరినీ మించినది టైలరమ్మ. వీధి మొదట్లో ఆవిడ కుట్టుమిషను. నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళాయన తల్లిదండ్రులకి ఒక్కడే సంతానం. అక్క లేదు, చెల్లెలు లేదు, ఆ సంగతి వీధిలో కుక్కలకి కూడా తెలుసు. అయినా టైలరమ్మ ఏళ్ళ తరబడి మందు పట్టుకెళ్ళేది ఆడపడుచుకే. ఆ ఆడపడుచుకి నెలనెలా నడుంనొప్పి. రెండు పురుళ్ళు, రెండోది చాలా కష్టమైంది. అరికాళ్ళు మంటలు, ముక్కుమీద కోపం. “మీ ఆడపడుచు ఎలా ఉంది?” అని బెంచీ మీదివాళ్ళు గంభీరంగా కుశలం అడిగేవాళ్ళు. చలికాలం కదా, కాళ్ళకి మేజోళ్ళు వేసుకోమని చెప్పమని మా అత్తయ్య కబురు పంపితే, మర్నాడు టైలరమ్మ మేజోళ్ళు వేసుకుని వచ్చేది.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తల్లో, ఊరుకోలేక, మీకు ఆడపడుచు ఎక్కణ్ణించి వచ్చిందండీ అని అడిగేశాను. బెంచీలు రెండూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. బల్ల కింద అత్తయ్య నా తొడ మీద పెట్టిన గిల్లుడు కందిపోయి కొన్నాళ్ళు ఉంది. కొట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. ఎవరికి అని అడగకూడదు.

అత్తయ్యని వీధంతా కషాయమత్త అంటుంది. ఇంటి ముందుగదే కొట్టు. గోడకి మూడు వరసల చెక్క అరలు, వాటి నిండా గాజు సీసాలు, కిటికీ కింద మందులు నూరే నల్లరాతి కల్వం, దాని పక్కన ఆవిడ పీట. శొంఠి వాసన ఆ గదిలో ఎంత ఇంకిపోయిందంటే మా ఆయన కోటు వేసుకుని బస్సు డిపోకి వెళ్తే తోటి మెకానిక్కులు తుమ్ముతారట. సీసాలు నింపడం, పొడి జల్లించడం, పొట్లాలకి దారం చుట్టడం నా పని. మాట్లాడటం కూడా నా పనే అనుకుంటాను, అత్తయ్య ఒప్పుకోరు.

అడగకుండానే అత్తయ్యకి అన్నీ తెలుస్తాయి. పొట్లం అందిస్తూ చెయ్యి పట్టుకుంటారు, గోరు నొక్కి వదిలి ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూస్తారు. కంట్లో నలక పడినట్టుంది ఆగు అని కింది రెప్ప లాగి చూస్తారు. ఆ తర్వాత మీ తోడికోడలికి ఇది పొద్దున్న, అది రాత్రి అని చెప్తారు. నొప్పికి శొంఠి, పొట్ట ఉబ్బరానికి వాము, సోంపు, పాలు పడటానికి మెంతులు, రక్తం మరీ ఎక్కువగా పోతుంటే ఎండిన దానిమ్మ తొక్కల కషాయం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ముట్లుడిగిపోయిన ఇన్నాళ్ళకి మా అక్కకి మళ్ళీ రక్తం కనిపిస్తోందని ఎవరైనా అంటే, అత్తయ్య చేతిలో కల్వం బండ కింద పెట్టేస్తారు. మీ అక్కకి నా దగ్గర మందు లేదు, ఆసుపత్రికి వెళ్ళమను, రేపే వెళ్ళమను, ఎల్లుండి కాదు. అంతే. పొట్లం కట్టరు, బెంచీ మీద ఇంకో నిమిషం కూర్చోనివ్వరు. నొప్పి తగ్గిస్తాను గానీ రోగం దాచను అన్నది ఆవిడ మాట. ఆ మాట చెప్పుకుని నేను మా పుట్టింటివాళ్ళ దగ్గర గొప్పలు పోయేదాన్ని.

అందుకే దానిమ్మ తొక్కల సీసా దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఆ చలికాలమంతా ఆ మందు కోసం ఎవరూ రాలేదు. సీసా మాత్రం తగ్గుతూ పోయింది. ఎందుకు తగ్గుతోందని అడిగితే, ఎలుకలు అన్నారు అత్తయ్య. మూత తీసి, తిని, మళ్ళీ మూత బిగించి పోయే ఎలుకలా అన్నాను. ఈ కాలం ఎలుకలు అలాగే ఉన్నాయి అన్నారు. ఆ ఎలుకలు నాకంటే ముందు లేచి, కుంపటి మీద గిన్నె పెట్టుకుని, కషాయం కాచుకుని, గిన్నె కడిగి బోర్లించేవి కూడా.

తర్వాత మరి కొన్ని గమనించాను. అత్తయ్య పీట మీద నల్లగుడ్డ మడత పెట్టుకుని కూర్చుంటున్నారు. మెట్లెక్కి వచ్చాక గోడకి చెయ్యి ఆనించి నిలబడుతున్నారు. ఆవిడకి నెలసరి ఆగిపోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. ఆ ఏడాది ఉడుకెత్తిపోయి, చలిలో కూడా కిటికీలన్నీ తీసి మా అందరికీ జలుబు తెప్పించారు. మరి ఇదేమిటో ఊహించడానికి నేనేం పెద్ద చదువు చదవక్కర్లేదు. అయినా నోరు తెరవలేదు. గిల్లుడు గుర్తుంది.

ఒకరోజు ఆవిడే నోరు తెరిచారు. నేను జల్లెడ పట్టుకుని పీకల్లోతు పనిలో ఉండగా, నువ్వు ఖాళీగానే ఉన్నావుగా అని మొదలుపెట్టి, కాస్త నీళ్ళు నమిలి, తన పుట్టింటివైపు ఒకావిడ ఉందనీ, ముట్లుడిగి చాన్నాళ్ళయిందనీ, ఇప్పుడు మళ్ళీ కనిపిస్తోందనీ, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఏమంటుందో కనుక్కుని రమ్మనీ చెప్పారు. చెప్తున్నంతసేపూ కల్వంలోకే చూశారు. కల్వంలో ఏమీ లేదు.

అలాగేనండి అని చెప్పులు వేసుకున్నాను.

ఆసుపత్రి వరండాలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చునే నర్సు మా వీధిమనిషే. బేకరీ మేడ మీద ఉంటుంది. ఎందుకొచ్చావు, ఎవరికి అంది. మా అత్తయ్య పుట్టింటివైపు ఒకావిడకి అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఏమిటి బాధ అంటే అదీ చెప్పాను. నర్సు నన్ను ఎగాదిగా చూసింది. మొహం జాలిగా పెట్టి, “అలాగేలేమ్మా, ఆవిడకే,” అంది. చీటీ మీద నా పేరే రాసింది. నిజం చెప్పి అబద్ధాలకోరుగా పేరు తెచ్చుకోవడం మా వీధిలోనే సాధ్యం. కానీ అప్పుడు నా ధ్యాస నర్సు మీద లేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నమనిషి. ఈ ప్రాంతానికి కొత్త, మా వీధి పద్ధతి తెలియదు. తలుపు వేయించి అంతా విని, కలం కింద పెట్టారు. ఇది చిన్న కారణం కావచ్చు, గర్భసంచి క్యాన్సరూ కావచ్చు, చూడకుండా ఏదీ చెప్పలేను అన్నారు. “మీరు ప్రశ్నలు మోసుకొస్తే లాభం లేదమ్మా. ఆవిడని తీసుకురండి. తొందరగా వస్తే బాగుచెయ్యొచ్చు.”

ఇంటికి నడిచి వస్తుంటే దారి కనిపించలేదు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి నెలలో, నొప్పితో గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంటే, ఎవరికి, ఏమిటి అని అడగకుండా వెచ్చటి ఉప్పు కాపడం మూట నా నడుం కింద పెట్టి వెళ్ళిపోయిన మనిషి అత్తయ్య. ఆ మూట చల్లారే వేళకి ఇంకోటి వచ్చింది. అప్పణ్ణించీ ఆవిడంటే నాకు ప్రాణం. ఆవిడతో ఎప్పుడూ అనలేదు. మా ఇంట్లో ఇలాంటివి కూడా ఇంకెవరివో అన్నట్టే ఉంటాయి.

డాక్టరమ్మ చెప్పింది పొల్లుపోకుండా చెప్పాను. క్యాన్సర్ అన్న మాట దగ్గర అత్తయ్య చేతిలో బండ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది.

“చెప్తాలే ఆవిడకి,” అన్నారు.

“రేపే వెళ్ళమనండి. ఎల్లుండి కాదు.”

“ఆవిడకి తీరిక ఉండొద్దూ. కొట్టు... అదే, ఇల్లు ఉంది, పనుంది.”

“ఆవిడ భయపడుతున్నారేమో అత్తయ్యా.”

“ఆవిడకి భయమా? భలేదానివి.”

“తోడు వెళ్ళడానికి ఆవిడకి కోడలెవరూ లేరా?”

“ఉంది,” అన్నారు అత్తయ్య. “ఒట్టి వాగుడుకాయ.”

అంతటితో కథ అక్కడే నిలబడిపోయింది. వారం మారినా ‘ఆవిడ’ కదల్లేదు. సీసా మాత్రం తగ్గుతోంది. నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, రాత్రి అన్నం సయించని కోపం. వీధిలో అందరి అక్కల్నీ మర్నాటికల్లా తరిమిన మనిషి, తనని తాను బెంచీ మీదే కూర్చోబెట్టుకుంది.

ఈలోగా వీధి తన పని తాను చేసుకుపోయింది. నర్సు టైలరమ్మకి చెప్పింది. టైలరమ్మకి చెప్తే ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకావిడకి అని అడిగింది కాబట్టి అది తనకే. ఇందులో మా వీధికి ఇసుమంత సందేహం లేదు. అంటే ఏమిటన్నమాట? పాపం, కషాయమత్త కోడలికి ఈ వయసుకే ముట్లుడిగిపోయి, ఇప్పుడు మళ్ళీ ఏదో అవుతోందన్నమాట.

నాకు మొదట అర్థం కాలేదు. బేకరీ ఆవిడ రొట్టెలతో పాటు అడగని తీపి బన్ను సంచిలో వేసి నా చెయ్యి నొక్కింది. స్కూలు టీచరమ్మ దారిలో ఆపి, జీవితంలో పిల్లలొక్కటే కాదు, చదువుకోవడానికి ఎన్నో పుస్తకాలున్నాయి అంది. ఇంకొకావిడ నా భుజం నిమిరి ఏమీ అనకుండా కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రం మా ఆయన క్షవరానికి వెళ్ళి సగం క్షవరంతోనే వచ్చేశాడు. మంగలి కత్తెర పట్టుకునే ధైర్యం చెప్పాడట, భార్యని బాగా చూసుకోవాలి బాబూ అని. ఏమైందే నీకు అని అడిగాడు.

గుమ్మం దగ్గర కూర్చోబెట్టి నిజం చెప్పాను. మొహం తెల్లబోయింది. అమ్మని అడుగుతానని లేచాడు. నేను చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. కొడుకు ఈ మాట ఎత్తితే ఆవిడ పెట్టె సర్దుకుని చెల్లెలి ఊరికి పోతారు, అక్కడ దానిమ్మ చెట్టే ఉంది, పెరడు నిండా తొక్కలు ఎండబెట్టుకుంటారు. పైగా అప్పటికే నా బుర్రలో ఒక ఉపాయం తిరుగుతోంది. వీధి నాకో జబ్బు ఉచితంగా ఇచ్చింది. దాన్ని ఊరికే పారేయడం ఎందుకు?

“నువ్వు మాత్రం ఎక్కడా కాదనకు. ఎవరైనా అడిగితే నేల చూపులు చూడు,” అన్నాను. పాపం బాగానే చూశాడు. మరీ ఎక్కువ చూసి డిపోలో గ్రీజు డబ్బాలో కాలు పెట్టాడు.

మర్నాటినుంచి నేను జబ్బుమనిషినయ్యాను. సీసా దించాలంటే అయ్యో అనేదాన్ని. జల్లెడ పట్టుకుని మధ్యలో ఆగి కిటికీలోంచి ఆకాశం చూసేదాన్ని. బెంచీ మీదివాళ్ళు నాలుకలు చప్పరిస్తే, ఏం చేస్తాం, నా రాత అని మూతి ముడిచేదాన్ని. అలా అనడం ఒక్క పూటలో అలవాటైపోయింది. ఇంత సులువైన పని ఇంకోటి లేదనిపించింది.

అత్తయ్యకి అసలు సంగతి తెలియడానికి ఒక్క ఉదయం పట్టింది. టైలరమ్మ ఆవిడ చెవిలో ఊదింది. నేను పొట్లాలకి దారం చుడుతూ ఓరకంట చూస్తున్నాను. అత్తయ్య మొహంలో రంగులు మారాయి. అబ్బే అది దానికి కాదు అనబోయారు. అంటే మరి ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. మా కొట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు, అయినా గాల్లో వేలాడుతుంది. కక్కలేక మింగలేక, వాము సీసాలో సోంపు పోశారు.

బేరం తగ్గినప్పుడు నన్ను లోపలికి పిలిచి, ఏమిటీ వేషాలు అన్నారు. వేషాలేమిటండీ, వీధంతా నాకే అంటోంది, వీధి కంటే నాకు ఎక్కువ తెలుసా అన్నాను. పైగా నాకూ ఆ దానిమ్మ తొక్కల కషాయం ఇవ్వండి అని సీసా దించాను. ఆవిడ లాక్కున్నారు. “నీకెందుకిది? ఇది తాగితే రక్తం తగ్గినట్టు ఉంటుంది, లోపలున్నది అలాగే ఉంటుంది. తెలీదా నీకు?”

“నాకు తెలుసు అత్తయ్యా. ఆ పుట్టింటావిడకి తెలుసా?”

అత్తయ్య వెనక్కి తిరిగి సీసాని పై అరలో పెట్టేశారు. మర్నాడు పొద్దున్న కుంపటి మీద గిన్నె లేదు. అయినా ఆసుపత్రి మాట మాత్రం రాలేదు. భయం అంత గట్టిది. నాకూ లోపల భయమే. రోజు గడిచిన కొద్దీ నా వేషం నాకే వెగటు పుట్టింది, ఇంకొక్క రోజు చూసి వీధి మధ్యలో నిలబడి అరుద్దామనుకున్నాను.

ఆ ఇంకొక్క రోజున టైలరమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు, బేకరీ ఆవిణ్ణీ టీచరమ్మనీ వెంటేసుకుని వచ్చింది. బెంచీ మీద కూర్చోకుండా నిలబడింది. పెద్ద మాట చెప్పబోయేవాళ్ళు కూర్చోరు.

“అత్తా, ఏమీ అనుకోకండి,” అంది. “మీ చెయ్యి మంచిదే. కానీ కోడలికి మీ మందు పట్టడం లేదు, మేమూ చూస్తూనే ఉన్నాం. బజార్లో గొడుగు కింద కూర్చునే తైలాలాయన ఉన్నాడు కదా, రేపు నేను తీసుకెళ్తాను. మా ఆడపడుచు కూడా ఒకసారి వెళ్ళి...” అని నాలుక కరుచుకుంది.

తైలాలాయన మోకాళ్ళకీ, జుట్టుకీ, ఆడవాళ్ళ బాధలకీ ఒకే సీసాలోది అమ్ముతాడు. ఆయన పేరెత్తితే అత్తయ్య అన్నం తినరు. టైలరమ్మ ఆడపడుచు అక్కడికి వెళ్ళిందన్నది ఒక దెబ్బ, నన్ను తీసుకెళ్తాననడం రెండో దెబ్బ. అయితే అత్తయ్య చూసింది టైలరమ్మని కాదు, నన్ను. ఎందుకో నాకు ఆ క్షణంలో వేషం గుర్తు లేదు. ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉన్నాను, ఆవిడకి అది కనిపించింది.

“దానికేం లేదు,” అన్నారు.

“పాపం, మీరు అలాగే అంటారు లెండి...”

“దానికేం లేదన్నానా. కనిపిస్తున్నది దానికి కాదు. నాకు.”

టైలరమ్మ కళ్ళు మిటకరించింది. “మీకంటే... మీ వాళ్ళలో ఎవరికత్తా?” అంది. ఎగతాళికి కాదు. అలవాటు అలాంటిది.

“నాకంటే నాకే. నా ఒంట్లోంచే.” అత్తయ్య పీట మీంచి లేచి, బల్ల దాటి అవతలికి వెళ్ళి, ఆడవాళ్ళు కూర్చునే బెంచీ చివర కూర్చున్నారు. ఆవిణ్ణి అటువైపు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. “చలికాలం మొదట్నించీ కనిపిస్తోంది. మీ అక్కల్నందరినీ మర్నాడే పొమ్మన్నాను. నేను వెళ్ళలేదు. నాకు భయంగా ఉంది.”

నాకు అన్న మనిషికి ఏం బదులు చెప్పాలో మా వీధి ఎప్పుడూ నేర్చుకోలేదు. నా ఉపాయం పారినందుకు నవ్వుదామని ఎన్నాళ్ళుగానో దాచుకున్న నవ్వు ఎక్కడికి పోయిందో, నేను బావురుమన్నాను. అప్పుడు బేకరీ ఆవిడ తెలివిగా ఒక పని చేసింది. అత్తయ్య చెప్పులు వెతికి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

ఆసుపత్రికి అందరం కలిసి వెళ్ళాం. మమ్మల్ని చూడగానే నర్సు బల్ల వెనకనుంచి లేచి వచ్చి, రామ్మా అని నా చెయ్యి పట్టుకుని, నేను కాదు మొర్రో అంటున్నా వినకుండా లోపలికి తీసుకెళ్ళి రక్తం తీయించేసింది. అసలు పేషెంటు బయట వరండాలో కూర్చుని ఉంది. ఆ సంగతి డాక్టరమ్మకి తెలిసేసరికి సూది నా చేతిలోంచి బయటికి రావడం కూడా అయిపోయింది. పోనీలే అని పరీక్షకి పంపారు. నాకు ఒంట్లో రక్తం తక్కువగా ఉందని తేలింది, ఇనుము మాత్రలు రాసిచ్చారు. అబద్ధపు జబ్బు కోసం వేషం వేస్తే నిజం జబ్బొకటి బయటపడింది. రోజూ నువ్వుల ఉండ నీ కంచంలో ఎందుకు పెడుతున్నాననుకున్నావు, నువ్వు మీ ఆయన కంచంలోకి తోసేస్తే వాడికి పట్టింది రక్తం అన్నారు అత్తయ్య. ఆ స్థితిలో కూడా నా కింది రెప్ప లాగి చూశారు.

అత్తయ్యని డాక్టరమ్మ నిదానంగా చూశారు. ఏమేం తాగారని అడిగితే అత్తయ్య ఏదీ దాచకుండా చెప్పారు. ఆ కషాయం మీకు చెడు చెయ్యలేదు, ఆలస్యం చేసింది అన్నారు డాక్టరమ్మ. ఆ మాట నేనే చెప్పేదాన్ని, వేరేవాళ్ళకైతే అన్నారు అత్తయ్య. లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో శొంఠి వాసన కూడా భయపెట్టింది. మా ఆయన రోజూ పనినుంచి వస్తూ అమ్మకి కమలాపళ్ళు తెచ్చేవాడు, వాళ్ళిద్దరూ మాట్లాడుకోకుండా వలుచుకుని తినేవాళ్ళు.

క్యాన్సర్ ఇంకా కాలేదు, కానీ ఆ దారిలో ఉంది. గర్భసంచి తీసేస్తే సరిపోతుంది అన్నారు. ఇంకొంతకాలం ఎలుకలు కషాయం కాచుకుంటూ ఉండి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పబోతే నేనే వద్దన్నాను. ఆపరేషను బాగా జరిగింది. తెలివి రాగానే అత్తయ్య అడిగిన మొదటి మాట, వాము సీసాలో సోంపు ఏరావా అని.

మళ్ళీ కొట్టు తెరిచిన రోజున ఆవిడ్ని పీట మీద కూర్చోనివ్వలేదు, బరువులెత్తకూడదు. బెంచీ చివరే దిండు వేసుకుని కూర్చున్నారు. కల్వం నా చేతికి వచ్చింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు గానీ ఎవరూ నోరు విప్పరు. వాతావరణం గురించి మాట్లాడారు, రొట్టెల గురించి మాట్లాడారు. మా పిన్ని కూతురికి అనడానికి మొహం చెల్లదు. ఇంకోటి అనడానికి నోరు రాదు.

టైలరమ్మ చివరికి వచ్చింది. కాళ్ళకి మేజోళ్ళు, నడుం మీద చెయ్యి. అత్తయ్య పక్కన కూర్చుని చేతిరుమాలు అంచు లాగుతూ ఉండిపోయింది.

“మీ ఆడపడుచు ఎలా ఉంది?” అని అత్తయ్యే అడిగారు.

టైలరమ్మ తల దించుకుంది. “పోయిందత్తా.”

ఎదురు బెంచీ ముందుకి జరిగింది.

“అయ్యో. ఎప్పుడు?”

“మీరు ఆసుపత్రికి బయల్దేరిన రోజునే.”

అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి, ఇన్నేళ్ళూ ఆ నడుంనొప్పితో ఎంత అవస్థ పడిందో అన్నారు. ఎప్పుడూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు పాపం అంది టీచరమ్మ. బేకరీ ఆవిడ నిజంగానే ముక్కు చీదింది. నేను కల్వంలోకి తల వంచి పెదవి కొరుక్కున్నాను, నవ్వుకో ఏడుపుకో నాకే తెలియలేదు.

“మరి ఇవాళ మందు ఎవరికి?” అన్నారు అత్తయ్య.

అత్తయ్య ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. టైలరమ్మ గోడకేసి చూసింది, సీసాలకేసి చూసింది, ఎదురు బెంచీలో ఒక్కొక్క మొహం చూసింది. ఎవరూ కళ్ళు తిప్పుకోలేదు.

“నాకే,” అంది.

అత్తయ్య దిండు పక్కకి జరిపి, ఆవిడ నడుం వెనక పెట్టారు. “చెప్పు మరి. మొదట్నించీ చెప్పు.”

టైలరమ్మ రెండో పురుడు దగ్గర మొదలుపెట్టింది. చెప్పుకోవలసింది చాలానే ఉన్నట్టుంది. నేను కల్వం పక్కన పెట్టి అందరికీ టీ నీళ్ళు పడేశాను.